రోగి మాట, మానిటర్ మాట కలవనప్పుడు

గుండె మానిటర్ తెర మీద గీత చదునుగా ఉంది, రోగి మాట్లాడుతున్నారు. ఎలక్ట్రోడ్ (ఛాతీకి అంటించే బిళ్ల) ఊడింది లేదా తీగ వదులైంది. బిగించండి, జెల్ ఆరిపోయిన ఎలక్ట్రోడ్ మార్చండి. రోగి పలకకపోతే మాత్రం తీగల జోలికి పోవద్దు. మెడ దగ్గర నాడి, శ్వాస చూడండి. 10 సెకన్లలో నాడి ఉందని తేలకపోతే సహాయానికి కేకేసి సీపీఆర్ (ఛాతీని లయగా నొక్కడం) మొదలుపెట్టండి.

ప్రమాదకరమైన గుండె లయ అంటూ అలారం మోగుతోంది, రోగి పళ్లు తోముకుంటున్నారు. కదలిక, చలి, వణుకు గీతను అలా గంతులు వేయిస్తాయి. ఆక్సిజన్ కొలిచే వేలి క్లిప్ అల సమంగా సాగుతూ, చేతికి నాడి కూడా అలాగే అందుతుంటే చాలావరకు అది కదలికే. చర్మం తుడిచి ఆరబెట్టి, వెంట్రుకలు కత్తిరించి, కండ తక్కువ ఉన్న చోట కొత్త ఎలక్ట్రోడ్ అంటించండి. అలారం నోరు నొక్కడం మరమ్మతు కాదు.

తెర మీద గుండె వేగం నాడికి రెట్టింపు. ప్రతి గుండె దెబ్బ వెనుక వచ్చే టీ అల ఎత్తుగా ఉంటే, దాన్ని కూడా యంత్రం ఇంకో దెబ్బగా లెక్కించి ఉండవచ్చు. లీడ్ (తెర మీద గుండెను చూపే కోణం) మార్చి చూడండి.

నొప్పి 10కి 8 అంటున్నారు, గుండె వేగం 72. "నొప్పి నిజమైతే గుండె పరుగెత్తాలిగా?" అనే అనుమానం వార్డుల్లో మొండిగా బతుకుతోంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం అంతగా పెరగదు. నొప్పి గంటల తరబడి ఉంటే మామూలు వారిలోనూ వేగం సర్దుకోవచ్చు. కాబట్టి రోగి చెప్పిన అంకెనే నమ్మండి. పడుకున్నప్పుడే కాదు, దగ్గినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు ఎంత అని కూడా అడగండి. ఛాతీలో కొత్తగా నొప్పి వస్తే 10 నిమిషాల్లో 12 లీడ్ల ఈసీజీ తీయాలి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటుకు చెమట, ఆయాసం తప్ప నొప్పే లేకపోవచ్చు.

నొప్పి మందు ఇచ్చినా వేగం 120 దగ్గరే ఉంది. ఇంకో మోతాదుకు ముందు రక్తస్రావం, జ్వరం, ద్రవాల లోటు, ఆక్సిజన్ కొరత, నిండిన మూత్రాశయం చూడండి.

వెంటిలేటర్ మీద ఉన్నారు, చెప్పలేరు. రోగి తీరు చూసి నొప్పిని అంచనా వేసే సీపాట్ (CPOT) కొలమానం వాడండి: ముఖం, శరీర కదలిక, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో సర్దుబాటు, ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం 3 చేరితే చాలు, నొప్పి ఉన్నట్టే భావించాలి.

మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చాక ప్రశాంతంగా నిద్ర. పిలిస్తే వెంటనే కళ్లు తెరవాలి. మత్తు ముదిరాక శ్వాస మందగిస్తుంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే క్లిప్ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది, అందుకే ఛాతీని చూస్తూ నిమిషం నిండా శ్వాసలు లెక్కపెట్టండి. 10 లోపు ఉంటే తర్వాతి మోతాదు ఆపి, వెంటనే డాక్టర్‌ను పిలవండి.