జిన్ అండ్ టానిక్: క్వినైన్ చేదు గ్లాసులోకి వచ్చిన దారి, కలిపే తీరు

బేగంపేటలో పాత విమానాశ్రయానికి దగ్గరగా బ్రిటిష్ వైద్యుడు సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రాస్ ఒక దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, అందులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. చలిజ్వరానికి ఆనాడు నమ్మదగిన మందు క్వినైన్. జిన్ అనే మద్యంలో కలిపే గ్యాసు నీరు టానిక్ వాటర్; ఆ చేదే దానికి ప్రాణం. జిన్ అండ్ టానిక్ కలపడం నేర్చుకోదలచినవారు జిన్ సీసా ఎంచుకోవడానికి ముందు ఈ చేదును అర్థం చేసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే మనం పోసుకొనేదానిలో మూడు వంతులు టానికే.

క్వినైన్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు నుంచి వస్తుంది. ఆ బెరడును 17వ శతాబ్దంలో జెసూయిట్ మతగురువులు యూరప్‌కు చేర్చారు. 1820లో పారిస్‌లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని నుంచి క్వినైన్‌ను వేరు చేశారు. 1860 ప్రాంతంలో బ్రిటిష్ అధికారి క్లెమెంట్స్ మార్కమ్ చొరవతో సింకోనా మొక్కలు మన నీలగిరులకు చేరాయి. 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ గ్యాసు కలిపిన టానిక్ పానీయానికి పేటెంట్ తీసుకొన్నాడు. 1870లలో ష్వెప్స్ కంపెనీ ‘ఇండియన్ క్వినైన్ టానిక్’ను అమ్మకానికి తెచ్చింది.

చేదు మందు మింగలేక బ్రిటిష్ సైనికులు అందులో జిన్ కలుపుకొన్నారని, ఈ పానీయం అలా పుట్టిందని చాలామంది చెబుతారు. అయితే 1868లో ఓరియంటల్ స్పోర్టింగ్ మ్యాగజైన్‌లో కనిపించే తొలినాటి ప్రస్తావన నేటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ గుర్రప్పందేలకు సంబంధించినది; పందెం ముగిశాక జనం జిన్ అండ్ టానిక్ కావాలని కేకలు వేశారట. అందువల్ల మందు కథ కంటే వేసవి దాహం కథే నాకు నమ్మదగినదిగా తోస్తుంది. నేటి టానిక్‌ను మందుగా భావించడం మాత్రం పూర్తిగా పొరపాటు. అమెరికాలో లీటరు టానిక్‌లో 83 మిల్లీగ్రాములకు మించి క్వినైన్ ఉండరాదన్న నియమం ఉంది. మలేరియాకు పెద్దలకు ఇచ్చే క్వినైన్ రోజుకు సుమారు 1,800 మిల్లీగ్రాములు. ఆ లెక్కన రోజుకు ఇరవై లీటర్లకు పైగా తాగవలసి వస్తుంది.

ఇక కలిపే విషయానికి వద్దాం. ఒక గ్లాసుకు 50 మిల్లీలీటర్ల జిన్, 150 మిల్లీలీటర్ల టానిక్ వాటర్, ఒక నిమ్మకాయ, గ్లాసు నిండా ఐసు కావాలి. జిన్‌కు అసలు వాసన జునిపర్ అనే పొద కాయలది. వాటి తరువాత ఎక్కువగా వాడేది మన ధనియాలనే. టానిక్ కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. ఒకసారి ఒక దుకాణంలో నేను టానిక్ అడిగితే మామూలు సోడా ఇచ్చారు, ఇంటికి వచ్చి మూత తీసి రుచి చూసేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు. చూపుతోనే తేల్చుకోవాలంటే, నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపాన్ని చీకట్లో గ్లాసు పక్కన వెలిగించండి. క్వినైన్ ఉన్న నీరు లేత నీలిరంగులో వెలుగుతుంది, సోడా వెలగదు. మొదటిసారి చూసినప్పుడు, ఆండీస్ చెట్టు బెరడు నా వంటింటి బల్ల మీద వెలుగుతున్నట్టు అనిపించింది.

రుచి చెడడానికి ఎక్కువగా కారణం ఐసే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ వేడికి చిన్న ముక్కలు నిమిషాల్లో కరిగి, పానీయాన్ని నీళ్లపాలు చేస్తాయి. కాచి చల్లార్చిన నీటిని చిన్న స్టీలు గిన్నెల్లో పోసి, ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెడితే పెద్ద గడ్డలు తయారవుతాయి. టానిక్ సీసాను కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఎందుకంటే చల్లటి నీరే గ్యాసును పట్టి ఉంచుతుంది.

పొడవాటి గ్లాసును అంచుదాకా ఐసుతో నింపి, ముందుగా జిన్ పోయండి. తరువాత గ్లాసును కొద్దిగా వంచి, టానిక్‌ను లోపలి అంచు వెంట నెమ్మదిగా పోయండి. పైనుంచి ధారగా పోస్తే గ్యాసంతా నురగగా పోతుంది. పొడవాటి చెంచాను అడుగుదాకా దించి, ఐసును ఒక్కసారి పైకి లేపి వదిలితే చాలు, గిలకొట్టవలసిన పని లేదు.

నిమ్మకాయ విషయంలో మాత్రం నాకు కొంత పట్టింపు ఉంది. మోండా మార్కెట్‌లో దొరికే మన చిన్న నిమ్మకాయలకు పులుపు చాలా ఎక్కువ. సగం చెక్క పిండితే చేదు అణగిపోతుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఏరి పారేసినట్టే అవుతుంది. తెల్లటి పొర రాకుండా బొటనవేలంత తొక్కను చెక్కి, గ్లాసు మీద మెలితిప్పండి. దీపం వెలుగులో సన్నని నూనె తుంపర పైకి లేవడం కనిపిస్తుంది, ఆ వాసనే మొదటి గుక్కకు ముందు ముక్కును చేరుతుంది. ఆ తొక్కను గ్లాసులోనే వేసి, పలుచటి నిమ్మ బిళ్ల ఒకటి జత చేయండి.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. గర్భిణులు, గుండె లయకు సంబంధించిన మందులు వాడేవారు, క్వినైన్ పడనివారు జిన్ లేకపోయినా టానిక్ జోలికి పోకూడదు. మిగిలినవారిలో మద్యం తాగని అతిథికి అదే గ్లాసు, అదే ఐసు, అదే నిమ్మతొక్కతో జిన్ లేకుండా టానిక్ ఇవ్వవచ్చు. మూత తీసిన సీసాను ఆ రాత్రే ఖాళీ చేయడం మంచిది, తెల్లారేసరికి గ్యాసు పోయి తీపి పైకి తేలుతుంది.