ఊసరవెల్లికి లైటు, గూడు: మన నల్గొండ ఎండలకు తగ్గట్టు

ముందు ఒక మాట. చేనుగట్టున తంగేడు పొదలో కనిపించే మన ఊసరవెల్లిని పట్టుకొచ్చి పెంచకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. నేను చెప్పేది యెమెన్, సౌదీ వైపు పుట్టిన వీల్డ్ కెమీలియన్ గురించి. దాన్ని కూడా సరైన కాగితాలతోనే కొని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

దీన్ని పెంచడం గురించిన చాలా వీడియోలు చలి దేశాల వాళ్లు చేసినవి. వాటిని చూసి నేను కూడా మొదటి ఏడాది ఏప్రిల్‌లో వేడి కోసం వంద వాట్ల బల్బు పెట్టాను. మధ్యాహ్నం చూస్తే ఒళ్లంతా పాలిపోయి, నోరు తెరుచుకుని, కొమ్మ చివరకు వెళ్లి వేలాడుతోంది, నెత్తి మీది కిరీటం అంచు నల్లగా కమిలింది. "గంత ఎండల దానికింకా బల్బెందుకు బిడ్డా" అని మా అమ్మ అన్నది. నాకు విషయం అర్థమైంది అప్పుడే: దీనికి వేడి వేరు, వెలుగు వేరు, రెండింటినీ విడివిడిగా చూసుకోవాలి.

వెలుగంటే యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే ట్యూబులైటు. అది లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారుకాదు, తిన్న కాల్షియం పట్టదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. పొడవాటి టీ5 హెచ్‌ఓ ట్యూబు (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే రకం), యూవీబీ బలం 5.0 లేదా 6 శాతం అని రాసి ఉన్నది తీసుకోండి. మెలికల బల్బు మీద యూవీ అని రాసి షాపువాళ్లు చవగ్గా ఇస్తారు, వద్దు, దాని వెలుగు చిన్న చోటుకే పడుతుంది. ట్యూబును గూటి పైకప్పు జాలీ మీద బయటే పెట్టి, కూర్చునే కొమ్మను దాని వీపు ట్యూబుకు 20–25 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా కట్టండి. మధ్యలో అద్దం ఉండకూడదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండ కూడా అందుకే లెక్కలోకి రాదు.

ఇక వేడి: అది వెచ్చగా కాచుకునే కొమ్మ దగ్గర 30 డిగ్రీలు చాలు. థర్మామీటర్‌ను కొమ్మ మీదే ఆనించి చూడండి, గోడ మీద కాదు. మన దగ్గర చిన్న బల్బు చలికాలం పొద్దున రెండు మూడు గంటలకే పనికొస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా నేను బల్బు అసలు వేయను, ట్యూబు ఒక్కటే. గది 35 దాటితే దానికి ప్రాణం మీదికొస్తుంది కాబట్టి కూలరో ఏసీయో ఉన్న గదిలోనే పెట్టండి, కానీ గాలి నేరుగా కొట్టకూడదు. కరెంటు పోతే తడిపిన గుడ్డను గూడుకు ఒక పక్క కట్టండి, రెండో పక్క గాలి ఆడాలి.

గూడు గాజు తొట్టి కాదు, జాలీది. పెద్దదానికి అడుగు 60 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 120. దాన్ని బల్ల మీద ఎత్తుగా పెట్టండి, పైనుంచి మనిషి తల వంగి చూస్తే అది బెదురుతుంది. ఒక గూట్లో ఒక్కటే. లోపల మనీ ప్లాంట్, మందారం పెడితే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది, ఆకులు కొరుకుతుంది కూడా, అందుకే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను బాగా కడిగి, కొన్ని వారాలు బయటే ఉంచి, మందులు కొట్టని కొత్త ఆకులు వచ్చాకే లోపల పెట్టండి. గిన్నెలో నీళ్లు సాధారణంగా పట్టించుకోదు, ఆకుల మీది బొట్లే నాకుతుంది, పొద్దున, సాయంత్రం స్ప్రే చేయాలి. మన బోరు నీళ్లు ఆరితే ఆకుల మీద తెల్లటి పొర కడతాయి, పైగా ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతం మనది, ఫిల్టర్ నీళ్లే వాడండి.

నీళ్లు, కరెంటు ఒకే చోట కాబట్టి ప్లగ్ గూటికంటే పైన ఉండాలి. అలా కుదరకపోతే వైరు కిందికి వేలాడి మళ్లీ పైకెక్కి ప్లగ్‌లోకి పోవాలి, అప్పుడు చుక్కలు కిందే రాలిపోతాయి. బల్బుకు పింగాణీ హోల్డరే వాడండి.

టైమర్‌తో 12 గంటలు వెలుగు, రాత్రి పూర్తి చీకటి, ఎర్ర బల్బు కూడా వద్దు. ట్యూబు కంటికి వెలుగుతూనే ఉన్నా ఏడాదిలోపు యూవీబీ తగ్గిపోతుంది. అందుకే ఎప్పుడు మార్చాలో తెలిసేలా నేను పెట్టిన తేదీని ట్యూబు అంచు మీదే మార్కర్‌తో రాసుకుంటాను.