విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌ను ఎలా అడగాలి, ఎలా చదవాలి?

సెమిస్టర్ చివరి వారంలో హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గదికి పిలిచి ఒక కాగితం చేతిలో పెడతారు. సబ్జెక్టు, సెక్షన్, మీ పేరు, దాని పక్కన విద్యార్థులు 5కి ఇచ్చిన రేటింగుల సగటు, ఒకే ఒక అంకె: 3.67. పక్క గది అధ్యాపకుడిది 4.2. ఆ పూటంతా మనసు ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. పదేళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్న నాకు ఆ పూటలు బాగా తెలుసు. ఆ కాగితం అబద్ధం చెప్పదు. మనం అడగనిదానికి కూడా జవాబు ఇచ్చిందని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

మొదట ఎంతమంది నింపారో చూడండి

సెక్షన్‌లో 66 మంది ఉండి 30 మందే నింపితే, మిగతా 36 మంది సంగతి మీకు తెలియదు. బాగా నచ్చినవాళ్లు, బాగా కోపం వచ్చినవాళ్లు శ్రద్ధగా నింపుతారు. మధ్యవాళ్లు ఊరుకుంటారు. అందరిచేతా నింపించాలని హాల్ టికెట్‌కు ముడిపెట్టే కాలేజీలు ఉన్నాయి. అక్కడ సంఖ్య పెరుగుతుంది కానీ, పై నుంచి కింది దాకా ఒకే గడిలో టిక్కులు కొట్టిన ఫారాలూ పెరుగుతాయి. అలాంటి వాటిని విడిగా లెక్కపెట్టుకోండి.

సగటును విప్పి చూడండి

30 మందిలో 20 మంది 4, 10 మంది 3 ఇస్తే సగటు 3.67. 20 మంది 5, 10 మంది 1 ఇచ్చినా అదే 3.67. మొదటి తరగతిలో పెద్ద గొడవేమీ లేదు. రెండో తరగతిలో పదిమంది పూర్తిగా జారిపోయారు, వాళ్లెవరో వెతకాలి. అందుకని ఏ అంకె ఎంతమంది ఇచ్చారో పట్టిక అడగండి. ఇవ్వడానికి ఆఫీసువాళ్లు విసుక్కుంటే, మీరే ఒక మధ్యాహ్నం కూర్చుని లెక్కవేసుకోండి.

ఏ ప్రశ్నకు విద్యార్థి సాక్షి కాగలడో తేల్చుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. విద్యార్థి కళ్లతో చూసినవి, చెవులతో విన్నవి ఉంటాయి: తరగతి సమయానికి మొదలైందా, మాట వెనక బెంచీ దాకా వినిపించిందా, సిలబస్ ఎంత పూర్తయింది. కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ నాక్ (NAAC) విద్యార్థి సంతృప్తి సర్వేలో మొదటి ప్రశ్న సిలబస్ గురించే. దానికి విద్యార్థి మంచి సాక్షి. 'ఈ అధ్యాపకుడికి సబ్జెక్టుపై పట్టు ఉందా?' అన్న ప్రశ్నకు మాత్రం కాడు.

ఎందుకు కాడో 1973లో అచ్చయిన ఒక ప్రయోగం చూపించింది. అమెరికాలో మైకేల్ ఫాక్స్ అనే నటుడిని 'డాక్టర్ మైరన్ ఫాక్స్' అని పరిచయం చేసి, వైద్యవిద్యకు గేమ్ థియరీ గణితాన్ని అన్వయించడంపై ఉపన్యాసం ఇప్పించారు. చలోక్తులు, చేతులు తిప్పడం, పొంతన లేని వాక్యాలు తప్ప అందులో సరుకు లేదు. విన్నవాళ్లలో మానసిక వైద్యులు, మనస్తత్వవేత్తలు కూడా ఉన్నారు. ఎక్కువమంది బాగుందనే రాశారు. చదువుకున్న పెద్దలే అలా రాస్తే, పద్దెనిమిదేళ్ల పిల్లలను తప్పుపట్టి లాభం లేదు.

చూసినదానికీ సాక్ష్యం వంకరపోయే సందర్భం ఒకటుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆన్‌లైన్ కోర్సులో ఒక పురుషుడు, ఒక స్త్రీ చెరో రెండు గ్రూపులకు బోధిస్తూ, ఒక్కో గ్రూపులో తమ పేర్లు తారుమారు చేసుకున్నారు. మార్కులు దిద్ది అందరికీ ఒకే సమయంలో ఇచ్చారు. 'సకాలంలో ఇచ్చారా?' అంటే, మగ పేరు ఉన్నచోట 5కి 4.35, ఆడ పేరు ఉన్నచోట 3.55 వచ్చింది. విద్యార్థులు 43 మందే, చిన్న అధ్యయనం. అయినా, తోటి అధ్యాపకురాలి అంకెను మీ అంకె పక్కన పెట్టి మురిసిపోయే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చెప్పే కాగితాన్ని వెనక్కి ఇచ్చి, ప్రశ్నలవారీగా అడగండి. ఈ రంగంలో దశాబ్దాలు పనిచేసిన హెర్బర్ట్ మార్ష్ 1982లో ప్రచురించిన ప్రశ్నావళి బోధనను 9 అంశాలుగా విడదీసింది. ఉత్సాహం ఒకటి, పాఠం అమరిక ఒకటి, పరీక్షలు దిద్దే తీరు ఇంకొకటి. ఒకదానిలో దిట్ట అయినవారు మరోదానిలో వెనకబడవచ్చు.

నేర్చుకున్నారా అన్నది తర్వాతి కోర్సును అడగండి

మంచి రేటింగు వచ్చిందంటే బాగా నేర్పినట్టేనా? 1981లో పీటర్ కోహెన్ పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, రెండింటికీ 0.43 సహసంబంధం ఉందన్నారు (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తిగా ఉంది). చాలాకాలం అదే మాట చెల్లింది. 2017లో ఉట్ల్, ఆయన సహచరులు ఆ లెక్కలను తిరగదోడి, చిన్న చిన్న తరగతుల అధ్యయనాలే ఆ సంఖ్యను ఉబ్బించాయని, సరిచేస్తే సంబంధం దాదాపు సున్నా అని తేల్చారు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ 2010లో ప్రచురించిన పరిశోధన. అమెరికా వైమానిక దళ అకాడమీలో ఎవరి తరగతిలో ఎవరు కూర్చోవాలో విద్యార్థులు ఎంచుకోలేరు, లాటరీ వేసినట్టే పంచుతారు. పరీక్ష అందరికీ ఒకటే. తర్వాతి గణితం కోర్సు అందరికీ తప్పనిసరి. 10,000 మందికి పైగా విద్యార్థుల రికార్డులు చూస్తే తేలింది ఇది: తమ కోర్సులో ఎక్కువ మార్కులు తెప్పించిన అధ్యాపకులకు మంచి రేటింగులు వచ్చాయి. వారి విద్యార్థులే తర్వాతి కోర్సులో వెనకబడ్డారు. లోతుగా చెప్పి కాస్త ఏడిపించిన సీనియర్ అధ్యాపకుల విద్యార్థులు ముందుకు వెళ్లారు.

మన దగ్గర అంత పెద్ద లెక్క అక్కర్లేదు. మీరు సీ ప్రోగ్రామింగ్ చెప్పి ఉంటే, దాని తర్వాత వచ్చే డేటా స్ట్రక్చర్స్ చెబుతున్నవారి దగ్గరకు టీ వేళ వెళ్లి, 'పాయింటర్లు వచ్చినప్పుడు మా సెక్షన్ పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు?' అని అడగండి. 'బాగానే ఉన్నారు' అంటే వదలకుండా, మొదటి మిడ్ పరీక్ష జవాబు పత్రాలు ఒక నాలుగు చూపించమనండి. రేటింగులో తగ్గామని కుంగిపోయిన ఒక ఏడాది నన్ను నిలబెట్టింది ఆ నాలుగు పత్రాలే.

సెమిస్టర్ సగంలోనే మీరే అడగండి

చివర వచ్చే ఫీడ్‌బ్యాక్ ఈ పిల్లలకు పనికిరాదు, తర్వాతి బ్యాచ్‌కు పనికొస్తుంది. అందుకని అయిదో వారంలో తరగతి చివరి పది నిమిషాలు తీసుకోండి. సగం కాగితం చొప్పున పంచి రెండే ప్రశ్నలు బోర్డు మీద రాయండి: 'మీకు అర్థం కావడానికి తోడ్పడింది ఏది? అడ్డుపడింది ఏది?' పేరు, రోల్ నంబరు వద్దనండి. మీరు గది బయటకు వెళ్లండి, ఒక విద్యార్థి చీటీలు పోగుచేసి కవరులో పెట్టి ఇస్తాడు.

తెలుగులో రాయవచ్చని పెద్దగా చెప్పండి. ఇంగ్లీషులోనే రాయమన్న ఏడాది నాకు వచ్చినవి వరసగా 'వెరీ గుడ్ సర్' చీటీలు. తెలుగులో రాయవచ్చన్న ఏడాది ఒక చీటీ ఇలా ఉంది: 'సార్, బోర్డు ఎడమ పక్కన రాసేది మాకు కనపడదు, కిటికీ వెలుతురు పడుతుంది. మీరు చెరిపేసే లోపు పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటున్నాను.' ఆ తరగతిలో ప్రతి లెక్క మొదటి మెట్టు నేను ఎడమ పక్కనే రాసేవాడిని.

చీటీలను మూడు కుప్పలు చేయండి: రేపే మార్చగలిగినవి, కాలేజీ మార్చవలసినవి, మార్చకూడనివి. 'ప్రశ్నలు ముందే చెప్పండి' మూడో కుప్పలోకి పోతుంది. మనసు నొప్పించేది ఒకటి తప్పకుండా ఉంటుంది, దాన్ని రాత్రి పూట చదవకండి.

మర్నాడు తరగతిలో రెండు నిమిషాలు చెప్పండి: ఇది మారుస్తున్నాను, ఇది మార్చను, ఎందుకంటే ఇందుకు. ఆ పని నేను చేసిన రోజు బోర్డు ఎడమ పక్క ఖాళీగా వదిలేశాను. కిటికీ పక్క బెంచీలో ఒకరు పుస్తకం తెరిచి, తల ఎత్తకుండా చిన్నగా నవ్వారు. చీటీ ఎవరిదో నేను అడగలేదు.