అట్లాంటా ఉత్తర శివార్లలో మట్టికోత నిబంధనలు: రెండు ఊళ్లవి పక్కపక్కన పెట్టి చూడటం ఎలా

పెరట్లో స్విమ్మింగ్ పూల్ తవ్వించాలన్నా, వాలు నేల చదును చేయించాలన్నా ముందు తేలాల్సింది మీ స్థలం ఎవరి పరిధిలో ఉందన్నది. అడ్రస్‌ను నమ్మవద్దు. దక్షిణ ఫోర్సైత్ కౌంటీలో చాలా ఇళ్లకు అడ్రస్ ఆల్ఫరెటా అనో కమింగ్ అనో ఉంటుంది గానీ అవి ఆ సిటీల్లోవి కావు, పర్మిట్ కౌంటీదే. కౌంటీ మ్యాప్‌లో పార్సిల్ నంబర్ (మీ స్థలానికి కౌంటీ ఇచ్చే నంబర్) కొట్టి చూడండి.

రెండు ఊళ్లనూ పోల్చడానికి ఒక పట్టిక గీసుకోండి, అందులో మొదటి గడి రాష్ట్రానిది. 1975 నాటి జార్జియా మట్టికోత చట్టమే కనీస హద్దు. ఊళ్లు అంతకన్నా బిగించవచ్చు, సడలించకూడదు. ఎకరం, ఆపైన నేల కదిపితే పర్మిట్ కావాలి. వాగు పక్కన 25 అడుగులు, ట్రౌట్ చేపలుండే వాగైతే 50 అడుగులు ముట్టకూడదు; ఈ వదిలేసే పట్టీనే బఫర్ అంటారు. పెద్ద లేఅవుట్‌లో భాగం కాని సొంతిల్లు ఎకరంలోపైతే రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు. బఫర్, మట్టిని ఆపే ఏర్పాట్లు మాత్రం తప్పవు.

ఇక ఊళ్ల గడులు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. సిటీ కోడ్‌లో (ఊరి నిబంధనల సంపుటిలో) మట్టికోత అధ్యాయం తెరుస్తారు, 25 అడుగులని చూస్తారు, మూసేస్తారు. వాగుల బఫర్‌కు వేరే అధ్యాయం ఉంటుంది. మెట్రోపాలిటన్ నార్త్ జార్జియా నీటి ప్రణాళిక జిల్లా ఊళ్లకు ఇచ్చిన నమూనా ప్రకారం 50 అడుగులు చెట్టూచేమా కదపకూడదు, ఆపైన మరో 25 అడుగుల్లో కాంక్రీటు, కప్పు లాంటివి కట్టకూడదు. మొత్తం 75. అరవయ్యో అడుగు దగ్గర పోసిన ప్యాటియో పగలగొట్టాల్సి రావచ్చు. జాన్స్ క్రీక్, రోజ్‌వెల్ సిటీల్లో చట్టహూచీ నదికి 2,000 అడుగులలోపు స్థలమైతే 1973 నది రక్షణ చట్టం కూడా చూడాలి: నది ఒడ్డున 50 అడుగుల బఫర్, 150 అడుగుల దాకా కాంక్రీటు కుదరదు, ఉపనదుల పక్కన 35.

అంకెలు ఒకటే అయినా కొలత ఎక్కడ మొదలవుతుందో చదవండి. రాష్ట్ర నియమంలో అది నీటి అంచు కాదు. ప్రవాహం ఒరిపిడికి గడ్డీ మొక్కలూ పోయి, ఒడ్డు మీద మట్టి బయటపడ్డ గీత. అక్కడి నుంచి టేపు అడ్డంగా, మట్టంగా పట్టాలి. మూడడుగులకు ఒక అడుగు దిగే వాలులో టేపును నేల మీద పరిచి 50 అడుగులు కొలిస్తే అసలు దూరం 47 అడుగుల చిల్లరే.

సైటులో చేసే పనులు పోల్చడానికి ఎక్కువసేపు పెట్టకండి. అన్ని ఊళ్లూ రాష్ట్ర గ్రీన్ బుక్‌నే (మట్టికోత అదుపు మాన్యువల్‌నే) పట్టుకుంటాయి. లారీలు వెళ్లే దారిలో కంకర పరుపు 20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, 6 అంగుళాల మందం, కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ. 14 రోజులు పని ఆగితే బయటపడ్డ మట్టి మీద ఎండుగడ్డి కప్పాలి. సిల్ట్ ఫెన్స్‌కు (కొట్టుకొచ్చే మట్టిని ఆపే గుడ్డ కంచెకు) సగం ఎత్తు మట్టి చేరగానే ఆ మట్టి తీసేయాలి. ఫెన్స్ అడుగుభాగాన్ని కాలువ తీసి పూడ్చకపోతే మొదటి వానకే నీళ్లు కిందనుంచి దూరిపోతాయి.

చివరిగా పార్సిల్ నంబర్, స్కెచ్ జతచేసి రెండు ఊళ్ల పర్మిట్ ఆఫీసులకూ ఈమెయిల్ పెట్టండి: బఫర్ ఎక్కడి నుంచి కొలుస్తారు, ఎకరంలోపు పనికి మీ పర్మిట్ కావాలా, తవ్వకం మొదలుపెట్టేముందు ఇన్‌స్పెక్షన్ ఉందా. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.