పెయింటింగ్ పనికి రేటు కట్టేది ఇలా

తిరుపతిలో కొత్తగా సొంత కాంట్రాక్టులు పట్టే తమ్ముళ్లు చాలామంది "పక్క మేస్త్రీ అడుగుకు పన్నెండు అన్నాడు, నేను పదకొండుకు చేస్తా" అని పని ఒప్పుకుంటున్నారు. అలా చేయకండి. రేటు మీ రోజు ఖర్చు నుంచి రావాలి.

ఇంటి ఖర్చు, బండి పెట్రోలు, ఫోను, రోలర్లు, బ్రష్‌లు అన్నీ కలిపి నెలకు 30,000 అనుకుందాం. నెలంతా పని ఉండదు. సైట్ చూడాలి, కొలతలు తీసుకోవాలి, బాకీల కోసం తిరగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు బయటి గోడలు ముట్టుకోలేని రోజులుంటాయి. పని జరిగేది 20 రోజులే అనుకుంటే మీ రోజుకు 1,500 పడాలి. ఇద్దరు హెల్పర్లకు 900 చొప్పున 1,800. మొత్తం 3,300. పదో వంతు లాభం కలిపితే 3,630.

3,000 చదరపు అడుగులకు పుట్టీ, ప్రైమర్, రెండు కోటింగ్‌ల రంగు 12 రోజుల్లో అయితే లేబర్ 43,560, అంటే అడుగుకు పద్నాలుగున్నర. పన్నెండుకు ఒప్పుకున్నారా, లాభం మాట దేవుడెరుగు, చేతి నుంచే 3,600 పోతుంది.

కొలత గోడలది. పది బై పది గది అంటే ఓనరుకు వంద అడుగులే కనబడతాయి. పదడుగుల ఎత్తుంటే గోడలు 400, సీలింగ్ 100. తలుపులు, కిటికీల కొలత ఇందులోంచి తీసేస్తారా లేదా అన్నది ముందే కాగితం మీద రాయండి.

లాడ్జి పనుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బ్రహ్మోత్సవాల ముందు అందరూ ఒకేసారి పిలుస్తారు, గదులు మాత్రం ఒకేసారి ఖాళీ కావు. ఈరోజు నాలుగు ఇస్తారు, రేపు భక్తులు దిగారని ఒక్కటీ ఇవ్వరు. మీ హెల్పర్లు వరండాలో కూర్చున్నా కూలి ఇవ్వాల్సిందే కదా! అందుకే గది ఇవ్వని రోజుకు కనీసం ఆ 1,800 వెయిటింగ్ కింద ఇవ్వాలని కొటేషన్‌లోనే రాయండి. నామోషీ ఏమీ లేదు, అది మీ హక్కు.

"కొంచెం తగ్గించుకో అన్నా" అంటే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. స్టోర్‌రూమ్‌కు పుట్టీ వద్దనుకుంటే ఎంత తగ్గుతుందో చెప్పండి.

లాడ్జి కంపెనీదైతే, బిల్లు 30,000 దాటితే 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్నులో అది సర్దుబాటవుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. కాబట్టి దాన్ని రేటులో కలపకండి.

రంగులు ఓనరునే కొనమనండి, మీరు కొంటే ఆ డబ్బు ముందే తీసుకోండి. లేబర్‌లో మూడో వంతు అడ్వాన్స్, ప్రైమర్ అయ్యాక ఇంకో మూడో వంతు. మిగతాదీ పని సాగేకొద్దీ తీసుకోండి, చివరి కోటింగ్ మొదలయ్యేసరికి పది శాతం కంటే ఎక్కువ బాకీ ఉండకూడదు.