విత్తు నేర్చుకుందాం – 3వ పాఠం: పదును చూడటం, లోతు కొలవడం

పోయిన పాఠంలో తడి గోనెపట్టా మీద వంద గింజలు పరిచి మొలక పరీక్ష చేయమన్నాను. లెక్క చూసుకున్నారా? వందకు 80 మొలిస్తే, వంద మొక్కలు నిలవడానికి 125 గింజలు వేయాలి. వరికి, నువ్వుకు కనీసం 80, వేరుశనగకు 70 మొలవాలన్నది విత్తన ప్రమాణం. అంతకంటే తగ్గితే, గింజలు నాలుగు ఎక్కువ వేసి సరిపెడదాం అనుకోకండి. వేరే విత్తనం చూసుకోండి. నీరసపడ్డ గింజ గోనెలో మొలిచినంత సుళువుగా మట్టిని చీల్చుకుని రాలేదు.

ఇవాళ్టి పాఠం పదును, అంటే విత్తడానికి నేలలో సరిపడా తడి ఉండటం. నన్నడిగితే విత్తడంలో సగం విద్య ఇదే.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. గజపతినగరం వైపు మా గరువులో, అంటే ఎర్రమట్టి మెరక చేలో, ఒక ఏడాది రోహిణి కార్తెలోనే మంచి జల్లు పడింది. పైమట్టి ఎర్రగా తడిసింది. పక్క చేలో నాగలి కట్టారు. అది చూసి ఆగలేక మేమూ సాళ్లు తోలి వేరుశనగ పప్పు వేసేశాం. ఆ తర్వాత పది రోజులు చినుకు లేదు. మొలక కనబడకపోతే ఒక సాలు వేలితో కెలికి చూశాను. గింజ ఉబ్బింది, మొన దగ్గర ఎర్రపొర చిట్లి అర అంగుళం వేరు బయటికొచ్చింది. ఆ వేరు కొస గోధుమరంగుకు తిరిగి ఎండిన నూలుపోగులా వేలికి తగిలింది. దాని కింద మట్టి పొడిపొడిగా రాలింది. తడి బెత్తెడు లోతే దిగింది. గింజను మేల్కొలపడానికి ఆ తడి చాలింది గాని, వేరు దిగడానికి చాలలేదు. విత్తనంలో లోపం లేదు, తొందర నాది.

అందుకే అర పదునంత చేటు ఇంకోటి లేదంటాను. పూర్తిగా పొడి దుక్కి అయినా కొంత నయం. శ్రీకాకుళం జిల్లాలో వరి ఎదలు జల్లేవాళ్లను చూడండి. పొడి దుక్కిలోనే జల్లుతారు, గింజ వాన కోసం కాచుకుని ఉంటుంది. పిట్టలు, చీమలు కొంత ఎత్తుకుపోతాయి, మిగిలింది మాత్రం చెడదు. వేరుశనగకు ఆ ఓపిక లేదు. వలిచిన పప్పు కదా, పొడి మట్టిలో పడి ఉంటే చెదలు, చీమల పాలవుతుంది. దానికి నిండు పదును ఉండాల్సిందే.

చూడటం ఇలా. వాన వెలిశాక చేలో మూడు నాలుగు చోట్ల గునపంతో జానెడు లోతు తవ్వండి. గట్టు పక్కన ఒక్కచోట చూసి లేచిపోవద్దు, మెరకలో ఒకటి, వాలులో ఒకటి చూడాలి. అడుగు మట్టి పిడికెడు తీసి గట్టిగా నొక్కండి. ఉండ కట్టకుండా వేళ్ల సందుల్లోంచి రాలిపోతే తడి చాలదు. ఉండ కట్టి, నడుమెత్తు నుంచి వదిలితే నాలుగైదు పెళ్లలుగా విరిగితే అదే పదును. కింద పడి ముద్దలా అతుక్కుందంటే నాగలి కట్టకండి. ఆ తడిలో దున్నితే బెడ్డలు లేస్తాయి, అవి ఆరాక రాళ్లే. గరువు ఎర్రమట్టి తొందరగా పదునుకొస్తుంది, అంతే తొందరగా ఆరిపోతుంది. అందుకే పప్పు, మనుషులు, నాగలి ముందే సిద్ధంగా ఉండాలి. బరువు నేలలు కాస్త నిదానం.

ఇక లోతు. గింజ ఎంత చిన్నదైతే అంత పైపైన వేయాలన్నది మోటు లెక్క. చిన్న గింజలో దాచుకున్న తిండి తక్కువ, లోతుగా పడితే పైకి రాకముందే అది అయిపోతుంది. నువ్వును 2, 3 సెంటీమీటర్లు దాటనివ్వకండి. ఎలమంచిలి పరిశోధన స్థానం ఇచ్చిన శారద రకమైనా సరే, లోతులో పడేస్తే మొలక పైకి రాదు. నువ్వుకు మూడింతలు పొడి ఇసుక కలిపి జల్లితే చేతిలోంచి గుంపుగా పడదు. వేరుశనగ 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ల మందం. మొక్కజొన్నా దాదాపు అంతే.

వేరుశనగకు మాత్రం ఇంకో జాగ్రత్త ఉంది. కాయలు నెలల ముందు వలిచి పెట్టుకోకండి, విత్తే రోజులు దగ్గరపడ్డాక వలవండి. ఎర్రపొర ఊడిన పప్పు, బద్దలైన పప్పు పక్కన పెట్టండి, వంటకు పనికొస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్లు వలుస్తూనే చూపుతో ఏరేస్తారు. ఆ చూపు మీకూ రావాలంటే ఒక బుట్టెడు కాయ మీ చేత్తో వలవాల్సిందే.

వేశాక సాలు వెంటనే కప్పి, పైన తేలిగ్గా బల్ల, అంటే మట్టి చదును చేసే చెక్క, తోలండి. గింజకు మట్టి ఆనుకుంటేనే తడి అందుతుంది. ఆ పైన గట్టి వాన పడి ఎండ కాస్తే ఎర్రనేల పైన పెచ్చు కడుతుంది, మొలక కింద వంకర తిరిగి నిలిచిపోతుంది. అప్పుడు ముళ్లకంపతో పైపైన ఒకసారి లాగితే పెచ్చు విరుగుతుంది.

ఈ వారం పని: అడుగు లోతున్న పాత డబ్బాలో మీ చేని మట్టి నింపి, సరైన పదునుకు తెచ్చి, పది వేరుశనగ పప్పులు ఒక వేలి మందం లోతులో, పది మూడు వేళ్ల మందం లోతులో, పది ఆరు వేళ్ల మందం లోతులో వేయండి. పన్నెండో రోజు దాకా ఏ వరుసలో ఎన్ని, ఏ రోజు మొలిచాయో రాసుకోండి. రాని గింజల్ని తవ్వి చూడటం మరవద్దు. వచ్చే పాఠంలో సాలుకూ సాలుకూ మధ్య ఎడం, విత్తనశుద్ధి చూద్దాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.