ఇమ్యునాలజీలోకి రావాలనుకునే విశాఖ విద్యార్థులకు

ఎమ్మెస్సీ చివరి ఏడాది పిల్లలు నన్ను తరచూ అడుగుతారు, రోగనిరోధక శక్తిని శోధించే ఈ పరిశోధనలోకి ఎలా రావాలని. ముందు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకోండి. చేతిలో ఫెలోషిప్ ఉంటే మంచి ప్రయోగశాలలో చోటు అడగడం తేలికవుతుంది.

అయితే అసలు విద్య చేతుల్లో ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో నేను మొదట నేర్చుకున్నది రక్తం నుంచి రోగనిరోధక కణాలను వేరుచేయడం. సెలైన్‌తో పలుచన చేసిన రక్తాన్ని కణాలను సాంద్రతను బట్టి పొరలుగా విడదీసే ఫైకాల్ ద్రవం మీదకు, గొట్టం గోడ వెంబడి, నెమ్మదిగా జార్చాలి. రెండూ కలవకూడదు. సెంట్రిఫ్యూజులో 400 జీ (గురుత్వాకర్షణకు 400 రెట్ల బలం) వద్ద 30 నిమిషాలు, బ్రేకు తీసేసి తిప్పాలి. ఒకసారి నేను బ్రేకు తీయడం మరచిపోయాను. పొరలు చెదిరి, ఒక దాత ఇచ్చిన రక్తమంతా వృథా అయింది. ఆ బాధ ఇంకా పోలేదు. సరిగ్గా కుదిరితే పసుపు ప్లాస్మా కింద పొగమంచులాంటి తెల్లని వలయం కనిపిస్తుంది. రోగాలతో పోరాడే టీ కణాలు అందులోనే ఉంటాయి!

ఓపిక ఎంత కావాలంటే, టీ కణాలను అదుపు చేసే సీటీఎల్ఏ-4 అనే కళ్లేన్ని తప్పిస్తే ఎలుకల్లో కణితులు తగ్గుతాయని అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్ బృందం 1996లో చూపింది. ఆ దారిలో వచ్చిన ఇపిలిముమాబ్ అనే క్యాన్సర్ మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 2011లో. ఒకే ప్రశ్నతో అన్నేళ్లు ఉండగలరా? రామకృష్ణా బీచ్‌లో కూర్చుని నిదానంగా ఆలోచించుకోండి.

విఫలమైన ప్రయోగాన్ని కూడా తేదీతో రాసిపెట్టండి. కణాలను వేరుచేసేటప్పుడు గది ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం తప్పనిసరి. మే నెల ఉక్కలో ఫైకాల్ సాంద్రత మారి పొర సరిగా రాదు.